విన్నది విన్నట్టు

మొన్న మాఘమాసంలో మా సంస్కృతం లెక్చరర్ ఆచార్యులుగారు పోయారు. తొంభై దాటిన మనిషి, పెద్దగా బాధపడకుండానే వెళ్లిపోయారని అందరూ అనుకున్నారు. పన్నెండో రోజు భోజనాలకు బాపట్లలో వాళ్లింటికి వెళితే మా కాలేజీ రోజులవాళ్లం ఎనిమిదిమందిమి కలిశాం. అందరికీ జుట్టు నెరిసింది, ఇద్దరికి మోకాళ్ల ఆపరేషన్లు అయ్యాయి. వసారాలో కుర్చీలు వేసుకుని కూర్చుని, ఆయన మమ్మల్ని ఏ అక్షరం దగ్గర ఎలా కోప్పడ్డారో ఒక్కొక్కరం చెప్పుకున్నాం. ఒత్తు పలకలేదని ఒకావిడను క్లాసంతా నిలబెట్టారట. శకారం, షకారం కలిపేసినందుకు ఇంకొకాయన చేత రోజుల తరబడి ఒకే మాట అనిపించారట. నా వంతు వచ్చినప్పుడు, ఆయన ఒకసారి తెనాలిలో మా ఇంటికి వచ్చారనీ, మా నాయనమ్మ మంచం పక్కన అరగంట కూర్చుని తప్పుల మీద తప్పులు విన్నారనీ, ఒక్కటి కూడా దిద్దలేదనీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఆయనేంటి, దిద్దకపోవడమేంటి అని నవ్వారు. అక్కడ అంతా విడమరిచి చెప్పే వీలు లేకపోయింది. అది చెప్పాలంటే ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ విషయంలో నేను చేసిన పని కూడా చెప్పాలి.

మాది తెనాలిలో కాలవకు దగ్గరగా పెంకుటిల్లు. పొలం నందివెలుగులో ఉండేది. నాన్న తెల్లారగానే చద్దన్నం తిని సైకిలెక్కి పొలానికి వెళ్లేవాడు. అందరికంటే ముందు నాయనమ్మ లేచేది. పెరట్లో నూతి దగ్గర స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వంటింటి గుమ్మం పక్కన పీట వాల్చుకుని, గోడకు వీపు ఆనించి కూర్చునేది. ఆవిడ దగ్గర కుంకుడు రసం వాసన, పసుపు వాసన కలిసి వచ్చేవి. కూర్చున్నాక ఒకసారి గొంతు సవరించుకుని దేవుడి వెయ్యి నామాలూ మొదలుపెట్టేది. చేతిలో పుస్తకం లేదు. ఉన్నా చదవడం రాదు, ఆవిడది వేలిముద్ర. గొంతు తీయనిదీ కాదు. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒకే తూగులో, ఎక్కడా హెచ్చూతగ్గూ లేకుండా సాగిపోయేది. నిద్రలోంచి మెలకువలోకి వచ్చే దారిలో మాకు మొదట వినపడేది అదే.

ఆ నామాలే మా ఇంట్లో గడియారం. గోడకు నిజం గడియారం ఒకటి ఉండేది గాని, దానికి కీ ఇచ్చే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అత్తగారు గొంతు సవరించుకోగానే అమ్మ కుంపటిలో బొగ్గులు రాజేసేది. మొదటి వంద నామాలు దాటుతుంటే పాలు పొంగుకు వచ్చేవి. సగానికి వచ్చేసరికి డికాక్షన్ దిగేది. కాఫీ వాసన వంటింట్లోంచి బయటికి రావడం, నాయనమ్మ గొంతు కాస్త వడి అందుకోవడం ఒకేసారి జరిగేవి. ఆ వాసనకే వడి పెరుగుతుందని నాన్న అమ్మతో చాటుగా అనేవాడు. చివర ఆవిడ చేతులు జోడించేసరికి నాన్న సైకిలు గుమ్మం దిగుతుండేది. ఇంత పద్ధతిలోనూ ఒక్క చిక్కు ఉంది. నామాలు మధ్యలో ఆగితే నాయనమ్మకు మళ్లీ అక్కడినుంచి అందుకోవడం రాదు. మొదటినుంచి రావలసిందే. అందుకని ఆ అరగంటా గేదె కట్టు తెంచుకున్నా, వీధిలో ఎవరు పిలిచినా మేమే చూసుకునేవాళ్లం.

నాయనమ్మ నోటికి జడవనివాళ్లు మా వీధిలో లేరు. పాలవాడి నీళ్ల దగ్గరనుంచి అమ్మ పులుసులో ఉప్పుదాకా ఆవిడ అనని మాట లేదు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, ఇవన్నీ ఎందుకు చదువుతావు నాయనమ్మా అని. "ఆ కాసేపైనా నా నోరు ఎవర్నీ అనకుండా ఉంటుంది గదే" అంది. అమ్మ వంటింట్లో నవ్వాపుకోలేక పైకి వినపడేలా దగ్గింది. నాన్నకు మాత్రం ఇవేవీ పట్టేవి కావు. ఆ రోజుల్లో తెనాలిలో హేతువాదుల సభలు తరచూ జరుగుతుండేవి. నాన్న పొలం నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని వాటికి వెళ్లేవాడు. గుడికి వెళ్లగా నేనెన్నడూ చూడలేదు. అర్థం తెలియని చదువు ఎవరికి చదివినట్టని అమ్మ దగ్గర అనేవాడు గాని, వాళ్లమ్మ ముందు ఆ ప్రసక్తి తెచ్చేవాడు కాదు.

నాయనమ్మ నామాల్లో ఒక విచిత్రం ఉండేది. వాసుదేవుణ్ణి ఆవిడ వాషుదేవ అనేది. నారసింహుణ్ణి నారషింహ అనేది. సకారం వచ్చిన ప్రతిచోటా నోట్లో గాలి జారిపోయినట్టు ఒక మెత్తని షకారం వినపడేది. మామూలు మాటల్లో అలా కాదు. సైకిలు, సరుకులు, సంగం జాగర్లమూడి అన్నీ గట్టిగా, నిక్కచ్చిగా పలికేది. నామాలు చదివేటప్పుడు మాత్రమే అలా. మేం పిల్లలం అది దేవుడి భాష కాబోలు అనుకునేవాళ్లం. పెద్దయ్యాక ఎందుకో అడగాలని ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం బాపట్ల వెళ్లాక తోచింది. అడగాలని కాదు, దిద్దాలని.

బాపట్లలో కాలేజీలో చేరి హాస్టల్లో ఉన్నాను. రెండో భాషగా సంస్కృతం తీసుకున్నాను. ఆచార్యులుగారు అప్పటికి నలభై నిండని మనిషి. తెల్లటి పంచె, ఇస్త్రీ లేని లాల్చీ. మేం శ్లోకం అప్పజెబుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. తప్పు దొర్లిన చోట చూపుడు వేలితో బల్ల మీద ఒక్కటి కొట్టేవారు. అంతే, మళ్లీ మొదలుపెట్టాలి. మంత్రానికి ఉచ్చారణే ప్రాణమని, అక్షరం తప్పితే అది చదివినవాళ్లకే ఎదురుతిరుగుతుందని చెప్పేవారు. నాకు చెవి చురుకు. రెండు నెలల్లో నా వంతు వచ్చినప్పుడు బల్ల చప్పుడు వినపడటం మానేసింది. ఆయన మెచ్చుకునే కొద్దిమందిలో నేనొకదాన్నయ్యాను. ఆ గర్వం ఎలాంటిదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నడకలో కూడా తెలిసిపోయేదట. అమ్మ తరువాత చెప్పింది.

ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. ఆవకాయ రోజులు. వసారాలో చాప పరిచి మామిడి ముక్కలు పోశారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు, అమ్మ, నాయనమ్మ కూర్చుని పాత పంచె గుడ్డలతో ముక్కలు తుడుస్తున్నారు. లోపల రోట్లో ఆవపిండి దంచుతున్న ఘాటుకు అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. మాటల్లో ఎవరో మీ మనవరాలు సంస్కృతం చదువుతోందటగా అన్నారు. నాయనమ్మ మురిసిపోయి, నా వెయ్యి నామాలూ అది పుస్తకం చూసి చదివేస్తుందని చెప్పింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"నారషింహ కాదు నాయనమ్మా, నారసింహ. వాషుదేవ కాదు, వాసుదేవ. ఇన్నేళ్లూ నువ్వు దేవుణ్ణి తప్పు పేర్లు పెట్టి పిలుస్తున్నావు" అన్నాను.

అక్కడితోనూ ఆగలేదు. తప్పు పలికితే చదివినవాళ్లకే చెడు జరుగుతుందని మా లెక్చరర్‌గారు చెప్పారని కూడా అన్నాను. నలుగురిలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. నాయనమ్మ చేతిలో ముక్క తుడవడం ఆగింది. నన్ను దులిపేస్తుందని అందరం అనుకున్నాం. ఆవిడ గుడ్డ ఒళ్లో పెట్టుకుని నావైపు చూసి, "అయితే సరిగ్గా నేర్పవే" అంది.

మర్నాటినుంచి నేర్పడం మొదలుపెట్టాను. పలక పట్టుకున్న పిల్లలా ఎదురుగా కూర్చుని, నేను అన్నది అనేది. ఒక్కొక్క మాటా విడిగా అంటే బాగానే వచ్చేది. సరిగ్గా పలికిన మాటను పట్టుకుని ముందుకు పోబోతే తరువాతి నామం వచ్చేది కాదు. నోరు తెరిచి వెతుక్కునేది. ఇన్నేళ్లు వాటంతట అవే నడిచి వచ్చిన నామాలు నేను దిద్దిన చోటల్లా తెగిపోయాయి. వారం గడిచింది. ఒకరోజు పొద్దున్న పీట మీద కూర్చుని, నారసింహుడి దాకా వచ్చి ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి వచ్చి, అక్కడే ఆగింది. మూడోసారి మొదలుపెట్టలేదు. "తప్పు పలికితే చెడు జరుగుతుందంటివి గదా. పిల్లలున్న ఇల్లు. ఎందుకులే" అని లేచి పెరట్లోకి వెళ్లింది.

తరువాత కూడా రోజూ అదే వేళకు స్నానం చేసి అదే చోట కూర్చునేది. అరగంట ఊరికే కూర్చుని లేచేది. మొదటిరోజు పాలు పొంగి కుంపటి ఆరిపోయింది. రెండోరోజు అమ్మ గడియారానికి కీ ఇచ్చింది. మాడిన పాల మరకలు తోముతూ అమ్మ నాతో అన్నది ఒక్కటే, ఇల్లు బోసిగా ఉందే అని. నాయనమ్మ మెల్లగా సరైన పలుకే అలవాటు చేసుకుంటుందని నాకు నేను చెప్పుకుని, సెలవులయ్యాక బాపట్ల వెళ్లిపోయాను.

కార్తీకంలో టెలిగ్రాం వచ్చింది. నాయనమ్మకు పక్షవాతం. నేను పాసింజరెక్కి తెనాలి వచ్చేసరికి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు పోయింది. మాట పోయింది. ఆవిడకు మిగిలింది ఒక్కటే మాట, "అది". నీళ్లు కావాలన్నా అది, దిండు సర్దాలన్నా అది, ఈగలు తోలమన్నా అది. మనం చెప్పేది అంతా అర్థమవుతోందని కళ్లు చూస్తే తెలిసేది. తను చెప్పేదే బయటికి రాదు. వీధి వీధిని గడగడలాడించిన మనిషి ఆ ఒక్క మాటను కోపంగా, బతిమాలుతున్నట్టు, చివరికి నీరసంగా అంటుంటే నాన్న మంచం పక్కన కూర్చుని, నీళ్లా అమ్మా, దుప్పటా, కిటికీ తియ్యనా అని ఒక్కొక్కటే అడుగుతూ పోయేవాడు. మెదడులో మాటలుండే భాగం దెబ్బతిన్నదని, కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చునని డాక్టరుగారు చెప్పారు.

నన్నెవరూ ఏమీ అనలేదు. వాళ్లకు ఆ ఊహే రాలేదు. నాకు మాత్రం వసారాలో నేనన్న మాటే చెవుల్లో ఉండిపోయింది. తప్పు పలికినందుకే తనకిలా జరిగిందని నాయనమ్మ అనుకుంటోందేమో. అనుకుంటోందో లేదో అడిగినా ఆవిడ చెప్పలేదు. నా చేతనైనదల్లా చేద్దామని రెండు రోజులు పొద్దున్నే మంచం పక్కన కూర్చుని వెయ్యి నామాలూ చదివాను. ఒక్క అక్షరం తప్పకుండా, ఆచార్యులుగారి వేలు కదలకుండా ఎలా చదవాలో అలా చదివాను. నాయనమ్మ మొదట విన్నది. తరువాత ముఖం గోడవైపు తిప్పేసుకుంది. రెండోరోజూ అంతే. ఆవిణ్ణి ఎందుకే కష్టపెడతావని అమ్మ నన్ను లేపేసింది.

ఆ మర్నాడు నాన్న నన్ను రేపల్లె వెళ్లి అత్తయ్యను తీసుకురమ్మన్నాడు. అత్తయ్య అంటే నాన్న అక్క. నాయనమ్మ పుట్టిల్లు రేపల్లె, అత్తయ్యను ఆ ఇంటికే మేనరికం ఇచ్చారు. కోడలికి పురుడు వచ్చి అప్పటిదాకా ఆవిడ కదలలేకపోయింది. పొద్దుటి పాసింజర్లో వెళ్లాను. దారి పొడుగునా కోతకు వచ్చిన వరి, తడిసిన గడ్డి వాసన. నేను వెళ్లేసరికి అత్తయ్య అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వాళ్లమ్మ ఎలా ఉందో చెప్పాను. చెబుతూ చెబుతూ నేను చేసిన పని కూడా చెప్పేశాను. అత్తయ్య చేతులు పీచు పీచుగా ఉన్నాయి. ఆ చేతులతోనే చెంగు పట్టుకుని నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తరువాత నిజంగానే ఏడ్చింది.

"ఆవిడకి ముందుపళ్లు లేవే, పిచ్చిదానా" అంది.

ఎవరికని అడిగాను. పెరటి గోడ చూపించింది. ఆ గోడ అవతల ఒకప్పుడు సుందరమ్మగారని, నాయనమ్మ పెళ్లయి వెళ్లాక వచ్చి చేరిన ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేదట. నాయనమ్మకు మొదటి కాన్పు బిడ్డ నెలల పిల్లగా ఉండగానే పోయిందట. తెనాలి నుంచి పుట్టింటికి తీసుకొచ్చారు. వచ్చి మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, పెరట్లో ఆ గోడకు ఆనుకుని కూర్చునేది. నోరు మాత్రం విప్పేది కాదు. సుందరమ్మగారు వచ్చి పలకరించిందీ లేదు, ఓదార్చిందీ లేదు. రోజూ పొద్దున్నే తన ఇంట్లో చదువుకునే నామాలను ఆ గోడ దగ్గరికి వచ్చి, పైకి చదవడం మొదలుపెట్టింది. అలా ఎన్నాళ్లో చదివింది. ఒకనాడు ఇవతలినుంచి ఇంకో గొంతు కలిసింది. మూడు నెలల తరువాత నాయనమ్మ నోట వచ్చిన మొదటి మాటలు అవి. సుందరమ్మగారు రమ్మని పిలవలేదు, నేర్పుతానని చెప్పలేదు. తన చదువును కాస్త నెమ్మది చేసిందంతే.

"మా అత్తగారు చెప్పేదిలే ఇదంతా. ఆ ముసలావిడకి ముందు పళ్లు ఊడిపోయి స అంటే ష అని వచ్చేదట. మీ నాయనమ్మ గోడ ఇవతల కూర్చుని విన్నది విన్నట్టు పట్టేసింది. ఆవిడ నోరెప్పుడూ చూడలేదు గదా, ఎట్లా తెలుస్తుంది" అంది అత్తయ్య.

నేను గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా భుజం ఎత్తు కూడా లేదు. అవతల అప్పటికే వేరెవరో ఇల్లు కట్టుకున్నారు, దండెం మీద పసిపిల్లల బట్టలు ఆరుతున్నాయి. నేను దిద్దినది ఎవరి నోటినో నాకప్పుడు అర్థమైంది.

ఆ మధ్యాహ్నం బండికే అత్తయ్యా నేనూ తెనాలి వచ్చాం. మర్నాడు పొద్దున్న అమ్మ కుంపటి రాజేస్తుంటే మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి నామాలు అంటున్నప్పుడు నాయనమ్మ గోడవైపే చూస్తోంది. నారషింహ అన్నాను. తల ఇటు తిరిగింది. తరువాతి నామాలు అత్తయ్య చెప్పినట్టు నాలుక జార్చి, గాలి పోనిస్తూ, నెమ్మదిగా అన్నాను. ఆవిడ పెదవులు ఎడమ పక్కన కదిలాయి. ముందు ఊపిరి లాంటి చప్పుడు వచ్చింది. తరువాత ఒక మాట. తరువాత నా గొంతు ఆవిడకు అవసరం లేకపోయింది. ఒంకర తిరిగిన మూతితో, ఆగకుండా, ఒక్క నామం జారకుండా చివరిదాకా వచ్చింది. నాన్న సైకిలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్తయ్య నేల మీద కూలబడి, సుందరమ్మగారే, మా అత్తగారు చెప్పిన సుందరమ్మగారే అని గొణుక్కుంటోంది. అయిపోయాక నాయనమ్మ ఎడమ చేత్తో గ్లాసువైపు చూపించి, నీళ్లు అడగబోయి, "అది" అంది.

బాగా నోటికి వచ్చినవి మెదడులో మరో చోట ఉంటాయని, మాటలు పోయినా అవి మిగలడం కద్దని డాక్టరుగారు నాన్నకు వివరించారు. నాన్నకు ఆ వివరణ బాగా నచ్చింది, చూడవచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. అయితే ఆ తరువాత జరిగినదానికి డాక్టరుగారి వివరణ కూడా పూర్తిగా సరిపోలేదు. మూడోరోజు మధ్యాహ్నం, ఏ వేళా కాని వేళ, నాయనమ్మ గబగబా నామాలు మొదలుపెట్టింది. ఎక్కడో ఆగిపోయింది. అందరం కంగారుపడ్డాం. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగి, గుమ్మం వైపు చూసింది. ముందుగా అర్థమైంది అమ్మకే. నాయనమ్మ ఆగింది మాధవ అన్న చోట. నాన్న పేరు మాధవరావు. "ఏమండీ, మిమ్మల్నేనండీ పిలుస్తోంది" అని అమ్మ కేకేసింది. నాన్న పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ ముఖంలో సగం నవ్వింది.

అప్పటినుంచి ఇల్లంతా చెవి ఒగ్గి ఉండేది. నామాలు ఎక్కడ ఆగితే ఆ పేరువాళ్లు వెళ్లాలి. అమ్మ పేరు లక్ష్మి. ఆ మాట ఉన్న నామం ఎక్కడో దూరాన వస్తుంది. కోడలిని పిలవాలంటే నాయనమ్మ బోలెడన్ని నామాలు దాటి రావాలి. ఈలోగా అమ్మ వంటింట్లోంచి వచ్చి మంచం పక్కన చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉండేది. అయినా నాయనమ్మ అక్కడిదాకా వచ్చిగాని ఆగేది కాదు. ఏం కావాలో చెప్పే దారి అప్పటికీ లేదు. ఎవరు కావాలో చెప్పే దారి దొరికింది. మంచం పట్టిన మనిషి అడిగేది చాలావరకు అదేనని మాకు నెమ్మది మీద తెలిసింది.

నేను తిరిగి బాపట్ల వెళ్లే రోజు సంచి సర్దుకుంటున్నాను. లోపలినుంచి నామాలు వినపడ్డాయి. పద్మనాభుడి దగ్గర, పేరు సగంలో తెగింది. "పద్మ" అని ఆగింది. నాభ అనలేదు. ఒక మాట మధ్యలో ఆగడం ఆవిడ జన్మలో ఎప్పుడూ చెయ్యలేదు. నేను వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని, తప్పు నాది నాయనమ్మా, నువ్వు పలికిందే సరైంది అన్నాను. చాలాసేపు నన్ను చూసి, ఎడమ చేత్తో నా గడ్డం పుణికి, ఆ వేళ్లు తన పెదవులకు తాకించుకుని, "అదీ" అంది. ఆ ఒక్క మాటా అంత సరిగ్గా అతకడం నేనెప్పుడూ వినలేదు.

బాపట్లలో స్టాఫ్ రూంకి వెళ్లి ఆచార్యులుగారికి జరిగిందంతా చెప్పాను. కాస్త కోపంగానే చెప్పానేమో. తప్పు పలికితే ఎదురుతిరుగుతుందన్నారు కదండీ, మరి ఆవిడకు మిగిలింది ఆ తప్పొక్కటేనండి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వచ్చే ఆదివారం మీ ఇంటికి రావచ్చా అని అడిగారు. చెప్పినట్టే వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నారు. మంచం పట్టె మీద నాయనమ్మ కోసం తెచ్చిన రెండు బత్తాయిలు పెట్టారు. నాయనమ్మ చదవడం మొదలుపెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను ఆయన చూపుడు వేలినే చూస్తున్నాను. సకారం బదులు మొదటి షకారం వచ్చిన చోట అది లేచింది. లేచి, మెల్లగా అరచేతిలోకి ముడుచుకుంది. మళ్లీ లేవలేదు.

అయిపోయాక ఆయన నాయనమ్మకు నమస్కారం పెట్టి, ఆవిడకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. "మీ మనవరాలికి నేను చెప్పిన నియమం యజ్ఞాలు చేయించే మాలాంటివాళ్లకమ్మా. పిలుచుకునేవాళ్లకు కాదు." తరువాత నాన్నవైపు తిరిగి, గురువు నోట ఎలా విన్నావో అలాగే పలుకు, నీ తెలివి అందులో కలపకు అని తమకు చిన్నప్పుడు చెప్పేవారని, ఈవిడ అదే చేశారని, పళ్లు లేని సంగతి కూడా వదలకుండా నేర్చుకున్నారని అన్నారు. నాన్న ఊరుకునే మనిషి కాదు. మర్యాదగానే అడిగాడు, అర్థం తెలియకుండా అది దేనికి పనికొస్తుందండీ అని. ఆచార్యులుగారు అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాక అన్నారు.

"నేను అర్థాలు చెప్పే బతుకుతున్నానండి. మాట పడిపోయిన రోజున నాకేం మిగులుతుందో నాకు తెలియదు. ఈవిడకు మిగిలింది."

నాన్న ఆయన్ని స్టేషన్ దాకా నడిచి వెళ్లి దిగబెట్టి వచ్చాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు.

నేను తరువాత తెలుగు టీచరునై ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను. దిద్దడమే నా ఉద్యోగం. అయితే ఏదైనా మాట వింతగా పలికిన పిల్లను, ఇది ఎవరి దగ్గర విన్నావమ్మా అని ముందు అడిగేదాన్ని. సగం మంది అమ్మమ్మనో తాతనో చెప్పేవాళ్లు. దిద్దవలసినవి తరువాత దిద్దేదాన్ని. ఇప్పుడు మా అపార్టుమెంటులో పొద్దున్నే మూడు ఫ్లాట్లలో మూడు ఫోన్లు అవే నామాలు చదువుతాయి. మంచి గొంతులు, ఒక్క అక్షరం తప్పు ఉండదు. నేనూ వింటాను, బాగుంటుంది. లిఫ్ట్ కోసం నిలబడినప్పుడు ఎవరో ఫోన్ ఆపేస్తారు, మళ్లీ ఆపిన చోటినుంచే అది అందుకుంటుంది. నాయనమ్మకు ఈ వసతి ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుంటాను. దేవుడి సంగతి నాకు ఈ వయసుకీ తేలలేదు. నాన్న కూతుర్ని కదా. నామాలు నాకు మొత్తం వచ్చు. రోజూ చదవను. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు కాసేపు కూర్చుని చదువుతాను, రెండు రకాలుగానూ.

నాయనమ్మ మరో ఎనిమిది నెలలు ఉంది. ఆవిడ పోయినప్పుడు నేను బాపట్లలో ఉన్నాను. కబురందుకుని వస్తే తెనాలి స్టేషన్లో నాన్న నాకోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. ఇంటికి నడుస్తూ చెప్పాడు. పొద్దున్న అమ్మ పెరట్లో గేదెకు కుడితి పెడుతోంది. ఇంట్లో నాన్న ఒక్కడే ఉన్నాడు. నాయనమ్మ చాలా నెమ్మదిగా నామాలు మొదలుపెట్టింది. నా పేరు దాటింది, నాన్న పేరు దాటింది. అచ్యుత అన్న చోట ఆగింది. ఆగి, ఎప్పటిలాగే గుమ్మంవైపు చూసింది. ఆ పేరుగలవాళ్లు మా ఇంట్లో లేరు. చుట్టాల్లో, పాలేళ్లలో, వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని నాన్న అన్ని ఇళ్లూ మనసులో తిరిగాడట. ఎవరూ తట్టలేదు. నాయనమ్మ గుమ్మంవైపు చూసి, నాన్నవైపు చూసి, ఇంత ఆలస్యమేంట్రా అన్నట్టు మళ్లీ గుమ్మంవైపు చూసిందట. నాన్న లేచి, హాలు దాటి వెళ్లి, వీధి తలుపు తీశాడు. వీధిలో ఎవరో కళ్లాపి చల్లుకుంటున్నారు. పాలవాడి సైకిలు మలుపు తిరుగుతోంది. వెనక్కి వచ్చేసరికి ఆవిడ లేదు.

రేపల్లెకూ మనిషిని పంపి అడిగించారు. అచ్యుత అన్నవాళ్లు ఎవరున్నారని అత్తయ్యను అడిగాను, ఆవిడ అత్తగారి తరఫువాళ్లను అడిగాను. ఎవరికీ తెలియలేదు. నాన్న తరువాత ఎన్నో ఏళ్లు బతికాడు, సభలకు వెళుతూనే ఉన్నాడు, గుడి మొహం చూడలేదు. ఈ సంగతి మాత్రం ఎవరు అడిగినా జరిగింది జరిగినట్టు చెప్పేవాడు, దానికి ఏ వివరణా జోడించేవాడు కాదు. ఆ రోజు స్టేషన్ నుంచి వస్తూ కాలవ వంతెన మీద నా సంచి తను అందుకుని అన్నాడు.

"బయట ఎవరూ లేరే అమ్మా. అయినా తలుపు వెయ్యబుద్ధి కాలేదు."